కాలువ నీళ్లు ఎక్కడికి పోతాయి?

తాడేపల్లిగూడెం ప్రాంతం నుంచి బయల్దేరితే కొల్లేరు గంట, గంటన్నర ప్రయాణం. కొల్లేటి చేప మా సంతకొస్తుంది. కొల్లేరు పేరు మా పాఠాల్లో ఉంటుంది. భాద్రపదంలో కొల్లేరు పొంగిందనీ, లంక గ్రామాలకు దారులు తెగాయనీ పేపర్లో చదువుతూనే ఉంటాం. అయినా నేను సాంఘికశాస్త్రం చెప్పే తొమ్మిదో తరగతిలో "కొల్లేరు చూసినవాళ్లు చేతులెత్తండి" అంటే అక్కడొకటి, ఇక్కడొకటి లేస్తాయి. మిగతా పిల్లలకు అది పటం మీద నీలం రంగు మచ్చ మాత్రమే.

విహారయాత్ర మాట ఎత్తగానే వాళ్లు చెప్పే పేర్లు వేరు: అరకు, విశాఖ బీచి, హైదరాబాద్ ఫిల్మ్ సిటీ. అవన్నీ చూడదగ్గవే. కానీ వాటికి అయ్యే ఖర్చు చాలా ఇళ్లు భరించలేవు. డబ్బు కట్టగలిగిన పిల్లలు వెళ్తారు, కట్టలేనివాళ్లు ఆ మూడు రోజులూ బడికి రారు. అందుకే తరగతి మొత్తాన్నీ తీసుకెళ్లగల యాత్ర కావాలనుకున్నాను. రెండో శనివారం, దాని పక్కనున్న ఆదివారం చాలు. రాత్రికి ఎవరింటికి వాళ్లు చేరిపోవాలి. అలా మొదలైనదే మా కొల్లేటి యాత్ర.

ఒక ప్రశ్న చాలు

మా బడి తాడేపల్లిగూడానికీ ఏలూరుకూ మధ్య ఉంటుంది. ఊరి పక్కనే ఏలూరు కాలువ. విజ్జేశ్వరం దగ్గర గోదావరి నుంచి విడిపోయి, నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు దాకా పోయే కాలువ అది. పిల్లల్లో సగం మంది అందులోనే ఈత నేర్చుకున్నారు. యాత్రకు వారం ముందు బోర్డు మీద ఒకే ఒక ప్రశ్న రాశాను: "మన పొలాల్లో పారిన కాలువ నీళ్లు చివరికి ఎక్కడికి పోతాయి?"

సముద్రంలోకి అన్నారు కొందరు. భూమిలోకి ఇంకిపోతాయి అన్నారు ఇంకొందరు. ఒకమ్మాయి మాత్రం "బోదెలోకి టీచర్, బోదెలోంచి డ్రెయిన్‌లోకి, తర్వాత తెలీదు" అంది. ఆ 'తర్వాత' ఏమిటో చూడటానికే బయల్దేరాం.

ఇలా యాత్రకు ముందే ప్రశ్న ఒకటి ఇస్తే పిల్లల నడకే మారుతుంది. బస్సు ఆగిన ప్రతి చోటా వాళ్లు దేన్నో వెతుకుతారు. నేను ఏర్పాటు చేసింది చాలా కొద్ది: ప్రతి నలుగురికీ ఒక నోటుపుస్తకం, తరగతికి రెండు బైనాక్యులర్లు, గోడకు తగిలించే జిల్లా పటం, మంచినీళ్ల క్యాన్లు, ప్రథమ చికిత్స పెట్టె. హెడ్‌మాస్టరు అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు ముందే తీసుకున్నాను. ఇద్దరు తల్లులు కూడా మాతో వచ్చారు. ఆడపిల్లలున్న యాత్రకు అది పెద్ద ధైర్యం.

శనివారం: రెండు నదులు కలిసిన ఊరు

మొదటి రోజు రైల్లో ఏలూరు వెళ్లాం. గోదావరి డెల్టా కాలువ, విజయవాడ నుంచి వచ్చే కృష్ణా డెల్టా కాలువ రెండూ ఏలూరులోనే కలుస్తాయి. రెండు మహానదుల నీళ్లు ఒకే ఊళ్లో కలవడానికి కారణం ఇంజినీర్లు. ఆర్థర్ కాటన్ చేపట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి, విజయవాడ దగ్గర కృష్ణ మీది ఆనకట్ట 1855 నాటికి పూర్తయ్యాయి. ఆ తర్వాత తవ్విన కాలువలు నీళ్లు పారించడమే కాదు, పడవలకూ దారి ఇచ్చాయి. కాకినాడ నుంచి ఏలూరు, విజయవాడ మీదుగా బకింగ్‌హాం కాలువలో మద్రాసు దాకా సరుకు పడవలు నడిచిన కాలం ఉంది. కాలువ వంతెన మీద నిలబడి ఈ సంగతి చెబితే, "ఇక్కడి నుంచి మద్రాసుకా!" అని పిల్లలు నీళ్లవైపు వంగి మరీ చూశారు.

అక్కడి నుంచి తమ్మిలేరు. ఖమ్మం వైపు గుట్టల్లో పుట్టి, ఏలూరు ఊళ్లోంచి పోయి కొల్లేట్లో కలిసే ఏరు ఇది. ఏడాదిలో ఎక్కువ రోజులు సన్నగా పారుతుంది. ఎగువన వాన దంచితే కొన్ని గంటల్లోనే ఊరి మీదికి వస్తుంది. ఇలాంటివే బుడమేరు, రామిలేరు, గుండేరు. చిన్నా పెద్దా కలిపి 68 ఏర్లు, కాలువలు, డ్రెయిన్లు కొల్లేట్లోకి దిగుతాయని చెప్పగానే ఒక గుంపు నోటుపుస్తకంలో గుండ్రంగా సరస్సు గీసి, చుట్టూ గీతలు గీయడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం పెదవేగి వెళ్లాం. ఏలూరుకు కూతవేటు దూరం. ఇప్పుడు కొబ్బరితోటల మధ్య పల్లె. ఒకప్పుడు వేంగి రాజధాని, శాలంకాయనులు, తూర్పు చాళుక్యులు ఏలిన చోటు. అక్కడి దిబ్బల్లో పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. దండి సంస్కృతంలో రాసిన దశకుమారచరితంలో ఆంధ్ర నగరం దగ్గర ఒక పెద్ద సరస్సు వస్తుంది. అది కొల్లేరేనని చరిత్రకారులు చెబుతారు. రాజధాని ఇక్కడే ఎందుకు వెలిసిందో పిల్లలే తేల్చారు: పక్కన మంచినీళ్లు, చేపలు, వరి పండే నేల, సముద్రానికి దారి.

ఆదివారం: సరస్సు మధ్యలో రోడ్డు

మర్నాడు తెల్లవారకముందే బస్సు. ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే రోడ్డు కొల్లేటి మధ్యలోంచే పోతుంది. కిటికీల్లోంచి రెండు వైపులా నీళ్లు కనబడగానే బస్సంతా గోల. కొంచెం దూరం పోయాక ఒక కుర్రాడు లేచి, "టీచర్, ఇవన్నీ చెరువులు కదా, మరి సరస్సేది?" అని అడిగాడు.

ఆ రోజు అడిగినవాటిలో అన్నిటికంటే మంచి ప్రశ్న అది. బస్సు ఒక పక్కన ఆపించి, పటం పరిచి, కొల్లేరంటే ఏమిటో అక్కడే చెప్పాను.

కృష్ణ, గోదావరి తెచ్చిన ఒండ్రు రెండు పక్కలా డెల్టాలుగా పేరుకుంది. ఆ రెండింటి మధ్య పూడకుండా మిగిలిన పల్లమే కొల్లేరు. మంచినీటి సరస్సు. దీనికి గట్టంటూ లేదు. వానలకు పరుచుకుంటుంది, ఎండలకు ముడుచుకుంటుంది. అందుకే దీని హద్దును కాంటూరుతో చెబుతారు. సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు దాకా నీళ్లు నిలిస్తే అది ఐదో కాంటూరు. అప్పుడు విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు, అంటే సుమారు 76 వేల ఎకరాలు. ఏడో కాంటూరు దాకా నిండితే 675, పదో కాంటూరు దాకా నిండితే 901 చదరపు కిలోమీటర్లు. పైనుంచి వచ్చిన వరదను ముందు తన కడుపులో పట్టి, తర్వాత మెల్లగా సముద్రానికి వదులుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన తర్వాత ఆ నీళ్లు దిగింది కూడా ఈ పల్లంలోకే. అప్పుడు కొల్లేటి మట్టం ఎంతుందో తెలుసుకోవడానికి అందరూ కనిపెట్టుకున్నది ఈ దారిలోని పెదఎడ్లగాడి వంతెనవైపే.

ఐదో కాంటూరు లోపలి భాగాన్ని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితాకెక్కింది. చిత్తడి నేలలను కాపాడుకోవాలని 1971లో దేశాలు ఒప్పందం చేసుకున్న ఊరు రామ్‌సర్, ఇరాన్‌లో కాస్పియన్ తీరాన ఉంది. కొల్లేరు ప్రపంచమంతా గుర్తించిన నీళ్లని చెప్పినప్పుడు పిల్లల ముఖాల్లో కనబడిన గర్వం నాకు చాలా నచ్చింది. తమ జిల్లాలోని చోటుకు అంత విలువ ఉందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఆటపాకలో గూడబాతులు

కైకలూరు ఊరు దాటకముందే ఆటపాక పక్షుల కేంద్రం. 2022 ఏప్రిల్ వరకు కృష్ణా జిల్లాలో ఉండేది, జిల్లాల విభజనతో ఏలూరు జిల్లాలోకి వచ్చింది. అటవీశాఖ బోట్లు నడుపుతుంది. ఎక్కేముందు ప్రతి పిల్లవాడి లైఫ్ జాకెట్ బిగింపు నేనే లాగి చూశాను. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగిన సంగతి మా జిల్లాల వాళ్లెవరమూ మరచిపోలేం. జాకెట్ వేసుకోని పిల్లవాడు బోటెక్కకూడదు, బోటులో లేచి నిలబడకూడదు. ఈ రెండు నియమాల దగ్గర నేను ఎవరి మాటా వినను.

చెట్ల మీద, నీళ్లలో పాతిన ఇనుప స్టాండ్ల మీద వందల గూడబాతులు. సరిపడా చెట్లు లేకపోతే అవి గూళ్లు కట్టుకోవడానికి అటవీశాఖ ఏర్పాటు చేసిన స్టాండ్లు అవి. బూడిద రంగు ఒళ్లు, పై ముక్కు అంచున చుక్కలు, కింద సంచి. తల్లి నోరు తెరిస్తే పిల్ల తలంతా ఆ సంచిలోకి పెట్టి చేప తింటుంది. పెద్ద పక్షులు దాదాపు మౌనంగా ఉంటాయి, అరుపులన్నీ పిల్లలవే. పక్కనే ఎర్రకాళ్ల కొంగలు, నీటికాకులు, నత్తగుల్ల కొంగలు. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. నత్తను పట్టి తినడానికి తగిన ముక్కు అది. వరిచేలో నత్తల బెడద తెలిసిన రైతుబిడ్డలు దాన్ని ప్రత్యేకంగా చూశారు.

"ఇవి సైబీరియా నుంచి వచ్చాయా టీచర్?" అని చాలామంది అడిగారు. ఊళ్లో పెద్దలు అలాగే చెబుతారు. నిజానికి గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ మన దేశపు పక్షులే. నీళ్లు, చేపలు, గూటికి చెట్టు ఎక్కడ దొరికితే అక్కడికి దేశంలోనే తిరుగుతుంటాయి, ఇక్కడే గుడ్లు పెడతాయి. ఉత్తరాన ఉన్న చలి దేశాల నుంచి వేల మైళ్లు ఎగిరివచ్చేవి సూదితోక బాతుల్లాంటివి. అవి శీతకాలం గడిపి వెళ్లిపోతాయి, ఇక్కడ గూడు కట్టవు. ఈ తేడా తెలియడం ముఖ్యం. పరాయి పక్షి అనుకుంటే రాకపోయినా పట్టించుకోం. మన గూడబాతు ఇక్కడ గూడు కట్టడం మానేసిందంటే, మన నీళ్లకు ఏదో అయిందని అర్థం.

అలా అయిన కాలం ఉంది. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి పరిశీలకుడు పశ్చిమ గోదావరి జిల్లాలోని ఆరేడు ప్రాంతంలో గూడబాతుల పెద్ద స్థావరాన్ని గుర్తించి లోకానికి తెలియజేశారు. సుమారు మూడు వేల పక్షులు అక్కడ గూళ్లు కట్టుకున్నాయి. డెబ్బైల దశకంలో ఆ స్థావరం పూర్తిగా కనుమరుగైంది. నీలకంఠన్ కేరళకు చెందినవారు, ఇంగ్లిష్ అధ్యాపకులు. ఇందుచూడన్ పేరుతో మలయాళంలో పక్షుల మీద పుస్తకాలు రాశారు. తరగతి గదిలో ఇంగ్లిష్ చెప్పే మనిషి, సెలవు దొరికితే చెట్ల కింద నిలబడి గూళ్లు లెక్కపెట్టారు. ఉపాధ్యాయురాలిగా నాకు ఆయన కథ ఎంతో బలం. ఆయన రాసిపెట్టకపోతే మనం ఏం పోగొట్టుకున్నామో కూడా మనకు తెలిసేది కాదు. అందుకే పిల్లల చేత ఆటపాకలో గూళ్లు లెక్కపెట్టించాను. ఒక్కో గుంపు ఒక్కో స్టాండు, తేదీ, సమయం, పక్షి పేరు. లెక్కలు సరిపోలనప్పుడు మళ్లీ లెక్కపెట్టారు.

చెరువు గట్టు మీద పాఠం

ఇక చేపల చెరువులు. వాటిని చూపించకుండా కొల్లేరు చూపించానంటే అది సగం పాఠమే.

ఒక చెరువు గట్టు మీద పనిచేస్తున్న పెద్దాయన మమ్మల్ని చూసి, "రండమ్మా, పిల్లల్ని జాగ్రత్తగా నడిపించండి, గట్టు జారుద్ది" అన్నాడు. తవుడు, చెక్క కలిపిన మేతను సంచుల్లో పోసి, అడుగున చిల్లులు పెట్టి, నీళ్లలో పాతిన కర్రలకు కట్టడం చూపించాడు. శీలావతి, బొచ్చె ఆ చిల్లులకు మూతి పెట్టి తింటాయి. పట్టిన చేపల్ని ఐసు వేసి ట్రేల్లో సర్ది, లారీల్లో కలకత్తా, అస్సాం దాకా పంపుతారు. "మా చిన్నప్పుడు మేతా లేదు, మందూ లేదు. తాటిదోనె మీద పోయి మావులు పెడితే కొరమీను, మట్టగిడస, జెల్ల వాటంతట అవే పడేవి" అని ఆయన చెబుతుంటే పిల్లలు మావు బొమ్మ గీయించుకున్నారు. వెదురు బద్దలతో అల్లిన బుట్ట, లోపలికి దారి ఉంటుంది, బయటికి ఉండదు.

డెబ్బైల్లో కొల్లేటి పేదలకు బతుకుతెరువుగా సొసైటీల పేరిట చెరువులు వచ్చాయి. తర్వాత పెట్టుబడి వచ్చింది, చెరువులు సరస్సంతా ఆక్రమించాయి. గట్లు పెరిగినకొద్దీ నీళ్లు నిలిచే చోటు తగ్గింది, పారే దారి మూసుకుపోయింది. ఎగువ ఊళ్లకు ముంపు, సరస్సులో గుర్రపుడెక్క, నాటుచేపకు చోటు కరువు. సుప్రీంకోర్టు ఆదేశాలతో 2006లో అభయారణ్యం లోపలి గట్లను కొట్టేశారు. దాన్నే కొల్లేరు ఆపరేషన్ అంటారు. సరస్సుకు ఊపిరి అందింది. కానీ సొంత చెరువు లేని కూలీకి ఆ రోజు పని పోయింది. 2008లో శాసనసభ అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని తీర్మానం చేసింది. గట్లు మళ్లీ లేవడం, మళ్లీ కొట్టడం ఇప్పటికీ చూస్తున్నాం.

"తప్పెవరిది టీచర్?" అని అడిగారు. మా తరగతిలో చేపల చెరువు మీద బతికే ఇళ్ల పిల్లలున్నారు, వరద నీటిలో పంట పోగొట్టుకున్న ఇళ్ల పిల్లలూ ఉన్నారు. ఇద్దరి చేతా మాట్లాడించాను. నా అభిప్రాయం మాత్రం దాచలేదు: నీళ్లు నిలిచే పల్లం నీళ్లకే ఉండాలి. దాని మీద బతికే లంక గ్రామాల మనిషికి వేరే బతుకు చూపించే బాధ్యత మనందరిదీ. ఈ రెండిట్లో ఒకటి వదిలేసి రెండోది చేస్తే నిలబడదు. ఈ ఊళ్ల బతుకును ఇంకా దగ్గరగా చూడాలనుకునే పెద్దలకు అక్కినేని కుటుంబరావు నవల 'కొల్లేటి జాడలు' ఉంది.

పెద్దింట్లమ్మ నుంచి ఉప్పుటేరుకు

మధ్యాహ్నం కొల్లేటికోట చేరాం. పెద్దింట్లమ్మ గుడి ఆవరణలో ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర, పెరుగన్నం పంచుకు తిన్నాం. ఫాల్గుణ మాసంలో ఇక్కడ జాతర. చుట్టుపక్కల లంకల వాళ్లంతా అమ్మవారి దగ్గరికి వస్తారు. ఒడియా గజపతుల కాలంలో ఇక్కడ కోట ఉండేదని, దాని మీదికి పోవడానికి అడ్డుగా ఉన్న సరస్సు నీళ్లను సముద్రానికి తీయాలని కాలువ తవ్వించిన శత్రు సేనాని తన కూతుర్నే బలి ఇచ్చాడని ఒక కథ చెబుతారు. ఆ కాలువకు పేరంటాలకనుమ అనే పేరు ఆ కూతురి వల్లే వచ్చిందట. పిల్లలు ఆ కథ విని చాలాసేపు ఆ అమ్మాయి గురించే మాట్లాడుకున్నారు. నీళ్లకు దారి ఇవ్వడం ఎంత బరువైన పని అని ఈ నేల మనుషులు అనుకున్నారో ఆ కథలో కనబడుతుంది.

ఆ దారే ఉప్పుటేరు. కొల్లేట్లోకి 68 దారులున్నా, బయటికి పోవడానికి దారి ఇదొక్కటే. ఆకివీడు మీదుగా సుమారు 60 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. సముద్రపు పోటు దీనిలోకి ఎక్కుతుంది. కొల్లేట్లో నీళ్లు నిండుగా ఉంటే ఉప్పునీటిని కిందికి నెట్టేస్తాయి. ఎండాకాలం నీళ్లు తగ్గితే ఉప్పు పైకి వస్తుంది. ఇలాగే నీళ్లు వెనక్కి మళ్లే పెద్ద సరస్సు కంబోడియాలోనూ ఒకటుంది, పేరు టోన్లే సాప్. వానాకాలంలో మెకాంగ్ నది పొంగి, ఆ సరస్సులోంచి బయటికి వచ్చే నది కాస్తా వెనక్కి పారుతుంది, సరస్సు కొన్ని రెట్లు పెరుగుతుంది. ఆ దేశపు చేపకూ కూడుకూ ఆధారం అదే. నీళ్లు పోవడానికీ రావడానికీ దారి ఉన్నంతకాలమే ఇలాంటి సరస్సులు బతుకుతాయి.

ఆకివీడులో వంతెన మీద పిల్లల్ని నిలబెట్టి, వారం కిందటి ప్రశ్న మళ్లీ అడిగాను. ఈసారి జవాబు అందరూ కలిసి చెప్పారు: గోదావరి, విజ్జేశ్వరం, ఏలూరు కాలువ, మన పొలం, బోదె, డ్రెయిన్, కొల్లేరు, ఉప్పుటేరు, సముద్రం. 'బోదె తర్వాత తెలీదు' అన్న అమ్మాయి ఇంకో మాట కలిపింది: "మనం చేలో కొట్టిన మందు కూడా ఇదే దారిలో వస్తది కదా టీచర్." గణపవరం మీదుగా ఇంటికి వస్తూ బస్సులో ఆ మాట మీదే చర్చ జరిగింది. సోమవారం బడిలో పటం గీశాం. డ్రెయిన్‌లోకి ఏమేం వదులుతున్నామో ఇళ్లలో అడిగి జాబితా రాశారు: పురుగుమందు డబ్బాలు, ప్లాస్టిక్ సంచులు, కోళ్లఫారం చెత్త. కొందరు ఇంట్లో నాన్నతో వాదన కూడా పెట్టుకున్నారు.

మీరూ తీసుకెళ్లండి

జాతీయ విద్యా విధానం 2020 ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పుస్తకాల సంచి లేని పది రోజులు ఉండాలంది. ఆ రోజుల్ని బడి ఆవరణలోనే గడిపేయకండి. ఏలూరు, భీమవరం, తాడేపల్లిగూడెం, గుడివాడ వైపు బడులన్నిటికీ కొల్లేరు ఒక్క పూట ప్రయాణం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. నీళ్లుంటాయి, ఎండ ఉండదు, గూళ్లలో పిల్లలుంటాయి. పొద్దున్నే చేరాలి. బోటులో అరుపులు, పాటల స్పీకర్లు వద్దు. లైఫ్ జాకెట్ విషయంలో రాజీ వద్దు. ప్లాస్టిక్ పొట్లాలు తిరిగి బస్సులోకే రావాలి. పిల్లల చేతికి ఒక ప్రశ్న ఇవ్వండి, వాళ్ల లెక్కలను తేదీ వేసి బడిలో భద్రపరచండి. ఏటా ఒక తరగతి గూళ్లు లెక్కపెట్టి రాస్తే, పదేళ్లకు అది కొల్లేటి ఆరోగ్యం చెప్పే దస్తావేజు అవుతుంది.

తల్లిదండ్రులకు ఒక్క మాట. మీ అబ్బాయో అమ్మాయో ఆదివారం కొల్లేరు వెళ్తానంటే ట్యూషన్ ఉందని ఆపకండి. రేపు ఈ సరస్సు ఉండాలో పోవాలో తేల్చేది ఇక్కడ పుట్టి పెరిగిన వీళ్లే. చూడనిదాన్ని ఎవరూ కాపాడరు. ముందు చూడనివ్వండి.